బిళ్ళ లేని నూటపది

విక్టోరియాకు అన్నిటికన్నా పెద్ద భయం, తన చేతిమీదుగా పోయిన ప్లగ్గు ఎవరింట్లోనో పగిలి, పాకే బిడ్డ వేలు లోపలి కరెంటుకు తగలడం. ఉప్పల్‌లో అత్త దగ్గర వదిలి వచ్చిన తన పది నెలల కొడుకు కూడా ఇప్పుడు గోడలన్నీ తడుముతున్నాడు. ఆ తలపుతోనే ఆమె రేడియో తరంగాలతో కాచే మెషిన్‌లోంచి బిళ్ళలు తీసి, ఒక్కొక్కటీ బొటనవేలితో నొక్కి చూస్తోంది.

ఇది 1988. నాచారంలో ప్లగ్గులు చేసే ఆ షెడ్డులో ఆమెకు ఏడో ఏడు. ఎనిమిదో తరగతిలో ఉండగా నాన్న మంచం పడితే బడి మాని వచ్చింది. ఇక్కడ మంట ఉండదు. ఆ తరంగాలకే బేకలైటు అనే ప్లాస్టిక్ పొడితో చేసిన బిళ్ళలు కాగుతాయి, మెత్తబడ్డాక అచ్చులో వేసి నొక్కుతారు. సరిగ్గా కాగని బిళ్ళతో చేసిన ప్లగ్గు పైకి నున్నగానే ఉంటుంది. పట్టుమని నెల తిరగకముందే పగులుతుంది.

ఆ వారమే సూపర్‌వైజర్ ఉమామహేశ్వర్ వేడి కొలిచే కొత్త మీటరు తెచ్చాడు. దాని తీగ బిళ్ళలో గుచ్చితే, మెషిన్ నడుస్తుండగానే ముల్లు నూటపది డిగ్రీలు చూపింది. ఇక తీసెయ్యవచ్చు, బిళ్ళకు పావు నిమిషం మిగిలిందని ఆయన సంబరం. తీసి నొక్కితే విక్టోరియా వేలికి మాత్రం బిళ్ళ గట్టిగానే తగిలింది. ఇంకో బిళ్ళకు తీగ గుచ్చి, ముల్లు నూటపదికి రాగానే మెషిన్ ఆపింది. ముల్లు ఒక్క ఉదుటున ఎనభైకి పడింది. పొయ్యి ఆర్పినంత మాత్రాన అన్నం గిన్నె అంతలోనే చల్లారుతుందా? ఆమె బిళ్ళను బయట పెట్టి, వట్టి తీగను లోపల ఉంచి మళ్ళీ మెషిన్ వేసింది. ముల్లు దర్జాగా నూటపదికి ఎక్కింది. దాన్ని ఎక్కిస్తున్నది బిళ్ళ వేడి కాదు, తీగకు తగిలే రేడియో తరంగాలే.

"బిళ్ళే లేదు గద సార్. మరి గీ నూటపది దేనిది?"

"ఎనిమిదో క్లాసు చదివి నాకు మీటరు నేర్పుతావా?"

"సదువు ఆగింది గని కండ్లు ఆగలే సార్."

పని నేర్చుకోవడానికి వచ్చిన సూర్యకళ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఉమామహేశ్వర్ రిజిస్టరు ముందుకు తోసి, నూటపది అని రాసి సంతకం పెట్టమన్నాడు, లేకపోతే రేపటి నుంచి రానక్కర్లేదన్నాడు. సూర్యకళ దగ్గరికి జరిగి గుసగుసగా బతిమాలింది.

"జర పెట్టరాదక్కా, చంటోడున్నడు నీకు."

"వాడున్నడనే పెడ్తలేను."

'మెషిన్ ఆపి చూస్తే ఎనభై' అని గుండ్రటి అక్షరాలతో రాసి, కింద సంతకం చేసింది విక్టోరియా. మిగిలిన బిళ్ళలన్నీ ఆపి, చూసి, మళ్ళీ కాచి, వేలు దిగాకే అచ్చుకు పంపింది. సైరన్ మోగాక చేతులు కడుక్కుని, అందరితోపాటే బస్సెక్కింది. మర్నాడు ఆమెను గేటు దగ్గరే ఆపేశారు.

నడుం పట్టేస్తోందని పాత చీరతో ఆమె కుట్టుకున్న మెత్త మెషిన్ ముందున్న స్టూలు మీదే ఉండిపోయింది. ఇప్పుడు సూర్యకళ కూర్చుంటోంది దాని మీద. ఎప్పుడైనా నాచారం వైపు వెళ్తే కాస్త ఆ పిల్లను చూసి రండి, మెషిన్ ఆపి చూస్తోందో, ముల్లు చెప్పిందే రాస్తోందో.