ఒక అంగుళం లూజు

అసలు ఈ సూపర్‌హీరోలకి నెత్తిన బోర్లించుకునే డబ్బా ఎందుకు, ఒక్క గుద్దుతో గోడ కూల్చే పిల్లకి తల మీద దెబ్బ తగులుతుందని భయమా, జుట్టు విరబోసుకుని ఓ మాస్కు కట్టుకుంటే సరిపోదూ, అని టైలరమ్మ ఇస్త్రీపెట్టెను నల్లటి ఫోమ్ షీటు మీద ఆనీ ఆననట్టు తిప్పుతూ పళ్ళు నూరుకుంది, వేడి తగిలితే చక్కగా వంగుతుందన్నాడు వీడియోలో ఆ మహానుభావుడు, వంగడం మాటేమో గానీ కంపు మాత్రం ఇల్లంతా కమ్మేసింది, ఇరవై ఏళ్ళుగా మిషన్ తొక్కుతోంది, కోట్లు కుట్టింది, నర్సుల యూనిఫారాలు కుట్టింది, ఒకసారి సర్కస్ కుక్కకి లాగు కూడా కుట్టింది, ఆ కుక్క కూడా ఇంత ఏడిపించలేదు, కన్నకూతురు, పదకొండేళ్ళది, తల ప్రాణం తోకకి తెచ్చింది, పదిహేను రోజులుగా ఇదే గోల, అమ్మా భుజానికి రేకులు మూడుండాలి, రెండు కాదు, అమ్మా మోచేతి కవచం విడిగా రావాలి, అమ్మా హెల్మెట్‌కి కళ్ళ దగ్గర చీలిక సన్నగా ఉండాలి, సన్నగా ఉంటే ఎలా కనిపిస్తుందే, ఆమెకి కనిపిస్తుందమ్మా, ఆమె ఉక్కుపిడుగు, ఉక్కుపిడుగట, క్లాసులో నీళ్ళు తాగొస్తానని అడగడానికి జంకే పిల్ల, నోటుపుస్తకం నిండా తనే ఓ బొమ్మల కథ గీసేసుకుంది, అలా గీసినవాళ్ళంతా ఈ సాయంత్రం ఐదింటికి స్కూల్లో తమ తమ హీరోల వేషాల్లో స్టేజీ ఎక్కి చదవాలట, నేనూ పేరిచ్చానమ్మా అన్నప్పుడు టైలరమ్మ చేతిలో కత్తెర జారిపోయింది, పుట్టి బుద్ధెరిగాక అది దేనికైనా పేరివ్వడం అదే మొదలు, అందుకే సరే అంది, అన్నందుకే ఇప్పుడీ చాకిరీ.

రావే, పెట్టుకుని చూడు, పన్నెండవుతోంది, అని కేకేసి, బకెట్ మీద రంగు ఆరుతున్న హెల్మెట్ తీసి తనే కూతురి తలకి తొడిగి, రెండడుగులు వెనక్కి వేసి చూసింది, అబ్బ, అచ్చం ఇనపదే, నా చేతుల్లో ఇంత విద్య ఉందా అని మురిసేలోపే, అద్దం ఏదమ్మా అంటూ పిల్ల తల తిప్పింది, తల తిరిగింది గానీ హెల్మెట్ తిరగలేదు, అది వీధి వైపే చూస్తూ ఉండిపోయింది, లోపల పిల్ల ముఖం ఎటుందో దేవుడికే తెలియాలి, మళ్ళీ ఇటు తిప్పితే ఈసారి మెల్లగా జారి భుజాల మీద కూర్చుంది, కొంప మునిగింది, తల చుట్టుకొలత ఇరవై ఒకటి, తనే కొలిచింది, తనే గీసింది, ఎలా, ఎక్కడ, అప్పుడు తట్టింది, చేతి అలవాటు, పాడు అలవాటు, చాక్‌తో గీసేటప్పుడు ప్రతి ముక్కకీ రెండు వైపులా కుట్టులోకి పోయేందుకు పావంగుళం వదిలేసింది, ఫోమ్‌కి కుట్టెక్కడేడ్చింది, అంచుకి అంచు ఆనించి జిగురు పెట్టడమేగా, ఎనిమిది ముక్కలు, వెరసి నాలుగంగుళాలు, అది చాలదన్నట్టు పెరిగే పిల్ల కదా అని పైన ఇంకో అంగుళం లూజు, ఛీ, నిన్న గాక మొన్న మిషన్ ఎక్కినవాళ్ళు కూడా ఈ పని చేయరు, గుడ్డయితే కుట్టు విప్పి మళ్ళీ వేసేది, ఈ జిగురు ఒకసారి పట్టిందంటే వదిలి చావదు, ఏం కాదులే, లోపల స్పాంజి కూరుదాం, కాదంటే తలకి తువ్వాలు చుట్టుకో, కదలదు, అంటే హెల్మెట్ లోపలి నుంచి సన్నగా మాట వచ్చింది, ఇది కూడానా అమ్మా.

ఇది కూడానా అంటే, ఏమిటే ఆ కూడా, ఇంకేం తగలేశానని, పదిహేను రోజులు నడుం పడిపోయేలా చేస్తే ఈ మాటా, అని టైలరమ్మ గయ్యిమంది, పిల్ల హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టి, నేను వెళ్ళనమ్మా, జ్వరమని టీచర్‌కి చెప్పు, అని లోపలి గదిలోకి పోయి తలుపు వేసుకుంది, దబామని వేసినా బాగుండేది, ఇంకో నాలుగు తిట్టడానికి వీలుండేది, చప్పుడు కాకుండా వేసింది, వాళ్ళాయనకి ఫోన్ చేస్తే, దానికింత రాద్ధాంతమెందుకోయ్, గుడ్డలు కూరిపెట్టు, పెరిగాక అదే సరిపోతుంది అన్నాడు, పెరిగాకట, వచ్చే ఏడాది దాకా ఈ పిడుగు గాల్లోనే వేలాడాలి కాబోలు, ఫోన్ పెట్టేసేసరికి గుమ్మంలో బ్యాంకు మేడమ్, కోటు తీసుకెళ్ళడానికి, సమయం చూసుకుని మరీ వచ్చినట్టుంది, మా పాప గౌను ఎంత బాగా కుదిరిందో తెలుసా, అతికినట్టుంది, ఒంటి మీద నుంచి తీయనంటోంది, మీ అమ్మాయి అదృష్టవంతురాలు, ఇంట్లోనే టైలరు, అని నవ్వి కోటు పట్టుకుని వెళ్ళిపోయింది, అదృష్టవంతురాలే, లోపల గోడకి తిరిగి పడుకుని ఉంటుంది ఆ అదృష్టం.

సరే, కోసేద్దాం, వెనక నుంచి కోసి రెండు ముక్కలు తీసి పారేస్తే, ముందు భాగం చెడకుండా ఎక్కడ కోయాలో చూద్దామని నోటుపుస్తకం లాక్కుంది, ఇన్నాళ్ళూ హెల్మెట్ ఉన్న పేజీ ఒక్కటే చూసింది, దాన్నుంచే కొలతలు తీసుకుంది, మొదటి పేజీ ఇప్పుడే తెరవడం, అందులో ఉక్కుపిడుగు లేదు, ఓ మామూలు పిల్ల ఉంది, పిడుగు కాకముందు పిల్ల, దాని చొక్కా చేతులు వేళ్ళు దాటి కిందికి వేలాడుతున్నాయి, స్కర్టు నడుం దగ్గర పిన్నీసు, తర్వాతి బొమ్మలో ఆ పిల్ల క్లాసులో చెయ్యెత్తితే చొక్కా చెయ్యి జారి మొహం మీద పడింది, వెనక బెంచీ అంతా పళ్ళు ఇకిలిస్తోంది, గోనెసంచి లేచిందిరోయ్, లోపల మనిషుందో లేదో చూడండి అని, ఆ చొక్కా చేతి అంచున రెండు మడతలు, మడతల మీద చిన్న చిన్న గీతలతో కుట్టు, పెరిగాక విప్పడానికి వదిలిన మడతలు, ఎవరి కుట్టో చెప్పక్కర్లేదు, కుట్టుతో సహా గీసింది దొంగముండ, ఒక్కరోజు నోరు విప్పి చెప్పొచ్చుగా, చెప్పింది, చెప్పలేదేం, అమ్మా వదులుగా ఉందే అంటే, పెరుగుతావుగా, నోర్మూసుకో అన్నదెవరు, పేజీ తిప్పితే ఉక్కుపిడుగు, కవచం ఒంటికి అంటుకుని ఉంది, వెంట్రుకవాసి సందు లేదు, సందు కనిపించిన చోటల్లా రబ్బరుతో చెరిపి చెరిపి మళ్ళీ గీసింది, కాగితం అక్కడ పల్చబడిపోయింది, ఈ పిల్ల గోడలు కూల్చడానికి కాదురా బాబూ ఈ వేషం వేసుకున్నది.

టైలరమ్మ టేపు మెళ్ళో వేసుకుని తలుపు తోసింది, లేవే, నిలబడు, టైముంది, రెండున్నరకల్లా కొత్తది అతికిస్తాను, నిజంగానా, నిజంగానే, రంగు ఆరకపోతే నల్లదే పెట్టుకో, మళ్ళీ పెద్దదవుతుందమ్మా, కాదు, కదలకు, అని తల చుట్టూ టేపు తిప్పి, అలవాటుగా టేపు కింద రెండు వేళ్ళు దూర్చి, ఆగి, ఆ రెండు వేళ్ళూ బయటికి తీసేసి బిగించింది, ఇరవైన్నర, ఇరవై ఒకటి కూడా కాదు, టేపు కింద కణత కొట్టుకోవడం చేతికి తెలుస్తోంది, వెచ్చగా, ఊళ్ళో పిల్లలందరినీ ఉన్నదున్నట్టు కొలిచి కుట్టిన మనిషి, సొంత పిల్ల దగ్గరికొచ్చేసరికి ఎప్పుడూ వచ్చే ఏడాది పిల్లనే కొలిచింది, ఎదురుగా నిలబడ్డ ఈ పిల్లకి పదకొండేళ్ళలో ఒక్క బట్ట కూడా కుట్టలేదు.