రెండో మనిషి

అందరూ పొడుగు అని పిలిచే మనిషి చచ్చిపోయిన రోజు పొద్దున కూడా కాంట్రాక్టరు రేవు గేటు దగ్గర నిలబడి అదే మాట అన్నాడు. "ఒక్కో సందుకి ఒక్క మనిషి. ఇష్టం లేకపోతే ఇంటికి పొండి. మీ వెనక ఇంకో పదిమంది ఉన్నారు."

అందరూ హెల్మెట్లు పెట్టుకుని లోపలికి నడిచారు. వదిన కూడా నడిచింది. గ్యాంగులో ఒక్కతే ఆడమనిషి. ఓడ మీద మొగుడి చెయ్యి నలిగిపోయాక అతని బదులు పనిలోకి వచ్చింది. మొగుడి స్నేహితుడు పొడుగు మొదటి రోజే వదినా అని పిలిచాడు. దాంతో ముసలి మేస్త్రికి తప్ప గ్యాంగంతటికీ ఆమె వదినే అయి కూర్చుంది.

వాళ్ళ పని ఏమిటో చెప్పాలి, లేకపోతే ఈ చావు అర్థం కాదు. ఓడ మీద కంటెయినర్లు ఒకదాని మీద ఒకటి మేడలా పేర్చి ఉంటాయి. సముద్రంలో అవి జారిపోకుండా ఇనప రాడ్లతో డెక్కుకి బిగిస్తారు, దాన్నే లాషింగ్ అంటారు. ఓడ రేవులో ఆగగానే ఎవరో ఒకరు పెట్టెల వరసల మధ్య ఇరుకు సందుల్లోకి దూరి ఆ రాడ్లు విప్పాలి. విప్పితేనే క్రేను పెట్టెని ఎత్తగలదు. రాడ్డు ఇద్దరు మనుషులంత పొడుగుంటుంది, పడితే ఎముక మిగలదు. అందుకని జంటగా చేస్తారు. ఒకరు కింద కూర్చుని మర విప్పుతారు, ఇంకొకరు నిలబడి రాడ్డు పట్టుకుంటారు. విప్పేవాళ్ళు చివరి చుట్టు తిప్పే ముందు తల ఎత్తి చూడరు. చూసేంత చోటు ఉండదు. "పట్టావా?" అని అడుగుతారు. "ఆఁ, పట్టా" అని వినపడితే తిప్పేస్తారు. ఆ మాట కంటే గట్టి కాగితం ఆ రేవులో లేదు.

పొడుగూ వదినా ఏళ్ళ తరబడి ఒకే జంట. అతను అడగడం, ఆమె పలకడం. ఎంత అలవాటైపోయిందంటే, టీ కొట్టు దగ్గర అతను వేరే ఎవరికో గ్లాసు అందిస్తూ "పట్టావా?" అంటే ఈమె పలికేది. అందరూ నవ్వేవాళ్ళు.

అలాంటి జంటని, అదే మనుషులతో రెట్టింపు సందులు విప్పించడానికి, కాంట్రాక్టరు ఆ వారమే విడగొట్టాడు. అతన్ని ఒక సందులో వేశాడు, ఆమెని పక్క సందులో వేశాడు. మధ్యన పెట్టెల గోడ. ముందు రోజు పని ముగియకుండానే ఇంకో ఓడ వచ్చింది, దాని వెనక ఇంకోటి వచ్చింది. నిద్రలేక అందరి కళ్ళూ మండుతున్నాయి. వదిన తన రాడ్డుని ఒక భుజంతో ఆనించి, ఒక చేత్తో మర తిప్పుతోంది. ఒళ్ళు పనిచేస్తోంది తప్ప మనసు ఎక్కడుందో ఆమెకే తెలియదు.

"పట్టావా?"

గోడ అవతలినుంచి పొడుగు గొంతు. ఎదుట మనిషి లేడని అతనికి తెలియదా? తెలుసు. తలకి తెలుసు, చేతులకి తెలియదు.

"ఆఁ, పట్టా," అంది వదిన.

అన్న తరవాత తన చేతులు చూసుకుంది. అవి తన రాడ్డు మీదే ఉన్నాయి. అరవడానికి నోరు తెరిచేలోపే అవతల ఇనుము డెక్కు మీద పడ్డ చప్పుడు వినపడింది. ఆమె వెళ్ళేసరికి అతను కూర్చున్నవాడు కూర్చున్నట్టే ముందుకి ఒరిగిపోయి ఉన్నాడు. రాడ్డు మెడ మీద పడింది.

శవాన్ని దింపకముందే పక్క వరసలో క్రేను కదలబోయింది. టెర్మినల్ ఆఫీసునుంచి వాకీటాకీలో పని ఆపొద్దని ఎవరో అరుస్తున్నారు. క్రేను డ్రైవరు మాత్రం పైనుంచి చూసినవాడు చూస్తూ ఉండిపోయాడు. కొక్కెం గాలిలో ఆగిపోయింది. గ్యాంగు శవాన్ని నిచ్చెన మీదుగా దింపుకుని గేటు బయటికి మోసుకొచ్చింది, మళ్ళీ లోపలికి వెళ్ళలేదు.

గేటు ఎదుట రోడ్డు మీదే మీటింగు పెట్టారు. మీటింగంటే బల్లా లేదు, మైకూ లేదు. లారీల నీడన కూర్చుని ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుచుకోవడమే.

ఫోను వదలని కుర్రాడొకడున్నాడు, రేడియో అంటారు. ఏ సముద్రంలో ఏ ఓడ ఉందో చెబుతూ ఉంటాడు. రోజూ అతన్ని ఆటపట్టించేవాళ్ళే ఇప్పుడు చుట్టూ మూగారు.

"అసలు ఇన్ని ఓడలు ఒక్కసారి ఎందుకొచ్చి పడ్డాయిరా?" అన్నాడు మేస్త్రి.

"అక్కడెక్కడో ఇరుకు సముద్రం దగ్గర కాల్పులు జరుగుతున్నాయి బాబాయ్. ఆ దారి మూసుకుపోయింది. ఓడలన్నీ చుట్టు తిరిగి రావాలి. ఆలస్యమై అన్నీ ఒకేసారి వచ్చి పడుతున్నాయి. పెట్టెలు దొరకట్లేదు, ఓడల్లో చోటు దొరకట్లేదు. పెట్టె మోసే రేటు ఆకాశానికి పోయింది. కంపెనీలకి పండగే పండగ."

"పోయినేడాది రేటు పడిపోయిందన్నాడు కదా కాంట్రాక్టరు, మన కూలి కోసేసి?" అన్నాడు మేస్త్రి.

"అప్పుడు పడిపోయింది నిజమే. కొత్త ఓడలు ఎడాపెడా కట్టేశారు, సరుకేమో లేదు. ఖాళీగా లంగరేసుకుని నిలబడ్డాయి."

లారీ చక్రానికి ఆనుకుని కూర్చున్న వదిన తల ఎత్తింది. "అంటే మార్కెట్టు పడిపోయిందని మన కూలి తగ్గించాడు. మార్కెట్టు లేచిందని మన జంట విడగొట్టాడు. మరి అది ఎలా ఉంటే మనం బతుకుతాం?"

ఆ ప్రశ్న అక్కడినుంచి లేచి మనిషినుంచి మనిషికి పాకింది. అటు చివర కూర్చున్న లారీ డ్రైవర్లు కూడా ఒకళ్ళనొకళ్ళు అదే అడగడం మొదలుపెట్టారు.

సాయంత్రానికి కాంట్రాక్టరు వచ్చాడు, వెనక పోలీసు జీపుతో. మొహాన దుఃఖం పులుముకుని వచ్చాడు గానీ అది నిలవలేదు.

"పోయినవాడు మంచివాడు, కాదనను. కానీ ఎందుకు పోయాడు? పట్టుకోకుండానే పట్టుకున్నా అని ఒకామె అంది కాబట్టి పోయాడు. ఓడ మీదున్న టెర్మినల్ ఆఫీసరు విన్నాడు. ఇది ప్రమాదం కాదు, ప్రాణం తీసిన నిర్లక్ష్యం. కేసు పెడితే లోపల వేస్తారు." మేస్త్రి వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "మీరంతా ఇప్పుడే ఎక్కండి. ఒక్కో సందుకి ఒక్కరే. కేసు సంగతి నేను చూసుకుంటా, అది ప్రమాదమని రాయిస్తా. ఎక్కకపోతే ఈమెని జీపెక్కిస్తారు. మీ వదిన కదా, మీ ఇష్టం."

చూశారా ఎంత తెలివో! వీళ్ళని బెదిరిస్తే లొంగరని వాడికి తెలుసు. ఆకలికి కూడా రెండు రోజులు ఓర్చుకుంటారని తెలుసు. అందుకే వాళ్ళ ప్రేమ మీద చెయ్యేశాడు.

మేస్త్రి గడ్డం గోక్కున్నాడు, నీళ్ళు నమిలాడు. చివరికి లేచి నిలబడ్డాడు. "ఎక్కుదాం. ఒక మనిషి ఎలాగూ పోయాడు. రెండో మనిషిని కూడా పోగొట్టుకుంటామా? ఆ అమ్మాయికి ఇంటి దగ్గర చెయ్యి లేని మొగుడున్నాడు. ఈ ఒక్క ఓడకీ ఎక్కుదాం. జంట గొడవ తరవాత చూసుకుందాం."

"వదిన కోసమైతే ఎక్కుదాం," అన్నారు కొందరు. హెల్మెట్లు చేతుల్లోకి వచ్చాయి.

అప్పటికి పొడుగు పెళ్ళాం వచ్చి చాలాసేపైంది. భర్త శవం పక్కన కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి ఆగిపోయింది. వదిన లేచి ఆమె దగ్గరికి వెళ్ళింది. అక్కడిదాకా నడవడానికి ఒంట్లో ఉన్న బలమంతా కావలసి వచ్చింది.

"కాంట్రాక్టరు చెప్పింది అబద్ధం కాదమ్మా. అన్నది నేనే. అతను అడిగాడు, నేను పలికాను. నా చేతులు వేరే చోట ఉన్నాయి."

పొడుగు పెళ్ళాం ఆమె వైపు తిరిగింది.

"నీ మీద కోపం లేదని చెప్పలేనక్కా," అంది. "ఉంది. ఎప్పటికి పోతుందో కూడా తెలీదు. ఇంటికొచ్చి నా గురించి కంటే నీ గురించే ఎక్కువ చెప్పేవాడు. మా వదిన పట్టుకుంటే కొండైనా కదలదనేవాడు. అలాంటిదానివి ఆయన పక్కన ఎందుకు లేవు? నిన్ను అక్కణ్ణుంచి తీసేసింది ఎవరు? ముందు నాకు అది కావాలి."

వదిన వెనక్కి తిరిగింది. హెల్మెట్లు పెట్టుకుంటున్నవాళ్ళని చూస్తే ఆమెకి ఒక్కసారిగా ఒళ్ళు మండింది.

"దింపండి అవి," అంది. "నా కోసం ఎక్కుతారా? పైకెక్కాక ఏం చేస్తారు? మీలో ఒకడు అలవాటు కొద్దీ అడుగుతాడు, పక్క సందులో ఇంకొకడు అలవాటు కొద్దీ పలుకుతాడు. రేపు జీపు ఎవరి కోసం వస్తుంది? నిజం చెప్పండి. ఈ వారంలో మీలో ఎవరి నోటా ఆ మాట రాలేదా?"

మొదట రేడియో అన్నాడు. "నిన్న నేనూ పలికాను వదినా. ఎవరు అడిగారో తెలీదు. ఆ మనిషి బతికే ఉన్నాడు, అంతే తేడా."

"నేను అడిగాను," అన్నాడు వెనకనుంచి ఒకడు. "అడిగాక భయమేసి తల ఎత్తి చూసుకున్నా."

"నేనూ పలికా." "మొన్న నేను." ఒక్కొక్క గొంతే లేచింది. సిగ్గుతో లోపల దాచుకున్నదంతా బయటికి వచ్చింది. ఎవరికి వారు తన ఒక్కడి తప్పే అనుకుంటున్నది అందరికీ జరుగుతోంది.

మేస్త్రి హెల్మెట్టు నేల మీద పెట్టి దాని పక్కనే కూర్చున్నాడు. "అమ్మాయ్, మరి నిన్ను తీసుకుపోతారే," అన్నాడు.

"తీసుకుపోనీ బాబాయ్. నన్ను కాపాడ్డానికని మీలో ఒక్కరు పడిపోయినా నేను ఏ మొహం పెట్టుకుని ఇంటికి పోను? మా ఆయనకి కబురు చెయ్యండి, అన్నం వండేవాళ్ళు లేరు. జంట లేకుండా ఎవరూ ఎక్కొద్దు. నేనొచ్చి బతిమాలినా సరే ఎక్కొద్దు."

జీపు దాకా తనే నడిచి వెళ్ళింది. జీపు కదలబోతే లారీ డ్రైవర్లు అడ్డం పడుకున్నారు. లాఠీలు లేచాయి. రేడియో చేతిలో ఫోను పగిలింది, మేస్త్రి తల పగిలింది. జీపు వెళ్ళింది గానీ గేటు ఎదుట మనుషులు తగ్గలేదు. క్రేను డ్రైవరు మెట్లు దిగి వచ్చాడు. పర్మినెంటు ఉద్యోగి, లాషింగ్ వాళ్ళతో ఎన్నడూ కలిసి కూర్చోనివాడు. చొక్కా విప్పి మేస్త్రి తలకి కట్టు కట్టాడు. "కింద జంట లేకపోతే పైన నేను ఎత్తను," అన్నాడు. "నా కొక్కెం కిందే పోయాడు. నేను చూశాను." మిగతా క్రేన్లు కూడా ఒక్కొక్కటే ఆగాయి.

స్టేషనులో వదినని తిండీ నీళ్ళూ లేకుండా కూర్చోబెట్టారు. ఎవరు రెచ్చగొట్టారో పేర్లు చెప్పమన్నారు. చెంప మీద కొట్టారు. ఆమె కళ్ళు మూసుకుంటే డెక్కు మీద ఇనుము పడ్డ చప్పుడే వినపడింది. దాని ముందు ఈ దెబ్బలు ఏపాటివి?

మర్నాడు మధ్యాహ్నం కాంట్రాక్టరే వచ్చాడు. జుట్టు చెదిరి ఉంది, జేబులో ఫోను మోగుతూనే ఉంది. కుర్చీ లాక్కుని ఆమె ఎదుట కూర్చున్నాడు.

"ఓడని తరవాతి రేవుకి పంపించాం," అన్నాడు. "అక్కడ కూడా విప్పలేదు. పైకెక్కి రెండో మనిషి ఏడీ అని అడిగి దిగిపోయారంట. ఏం చెప్పావమ్మా వాళ్ళకి?"

"నేను లోపలున్నా కదండీ."

"మీ క్రేను వాడు చెప్పాడా? ఓడలో పనివాళ్ళు చెప్పారా? సరే, ఎవరైతేనేం. పుణ్యం కట్టుకో. బయటికొచ్చి మీ వాళ్ళకి ఒక్క మాట చెప్పు. కేసు ఇప్పుడే చింపించేస్తా, నిన్ను కార్లో ఇంటి దగ్గర దింపుతా."

వదిన వాచిన చెంప తడుముకుంది. ఇల్లు గుర్తొచ్చింది. ఒక్క చేత్తో పొయ్యి వెలిగించుకోలేని మొగుడు గుర్తొచ్చాడు. వెళ్ళిపోవాలని ఎంత ఉందో ఆమెకే తెలుసు.

"కేసు ఉండనివ్వండి," అంది. "నన్ను కోర్టుకి పంపించండి. ఎవరి మాట విని అతను మర విప్పాడో నేనే చెప్తా, దాచను. ఎవరి మాట వల్ల అతని ఎదుట మనిషి లేకుండా పోయాడో, అది మీరు చెప్పాలి. ఇద్దరం ఒకే బోనులో నిలబడదాం."

కాంట్రాక్టరు లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయాడు. స్టేషను ముందు రోడ్డు నిండా జనం కూర్చుని ఉన్నారు. లాషింగ్ గ్యాంగు, లారీల వాళ్ళు, క్రేన్ల వాళ్ళు, అందరికంటే ముందు పొడుగు పెళ్ళాం. అతని కారు ఆ జనానికి అవతల ఉంది. అక్కడికి వాళ్ళ మధ్యనుంచే నడిచి వెళ్ళాలి.