చింతపులుసు తలంటు

రోశమ్మ బండ మీద తల వంచుకొని కూర్చుంది. కొండమ్మ చింతపండు పిసికి, ఆ పులుసు ఆమె మాడు మీద పోసి రెండు చేతులతో రుద్దుతోంది. పులుసు కణతల మీదుగా కారి కళ్ళలో పడుతోంది. రోశమ్మ పళ్ళు బిగబట్టింది. బండ కింద పారే నీళ్ళు నల్లగా ఉన్నాయి.

“ఇంకా కాకిలాగే ఉందా అక్కా?”

“కాకి చూస్తే సిగ్గుపడుతుంది. తల ఎత్తొద్దు.”

ఇద్దరూ పలకల షెడ్డులో పలకలు రుద్దేవాళ్ళు. తల నెరిసిన ఆడవాళ్ళు ఈరోజు నుంచి పనికి రానక్కర్లేదని సావుకారు చెప్పించాడు. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయి ఏడాది కాలేదు. ఊరూరా బడులు పెడుతున్నారు, మార్కాపురం పలకలు చాలడం లేదు. చాలకపోతే మనుషులు ఎక్కువ కావాలి కదా? కాదట. చేతులు చురుగ్గా ఆడేవాళ్ళు కావాలట. చేతులు చూసే ఓపిక సావుకారుకు లేదు. తలలు చూసి తీసెయ్యమన్నాడు.

రోశమ్మ తల సగం నెరిసింది. అందుకే నిన్న సాయంత్రం కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి తలకు పట్టించింది. వెలిసిన పలకలకు షెడ్డులో పూసే నల్లరంగు అదే. అక్కడ రంగు కలిపేది రోశమ్మే. చెయ్యి దాని అలవాటు ప్రకారం పోయింది. రాతికి వేసేంత అన్నభేది తలకు వేసింది. పొద్దున చూసుకుంటే తల మీద తారు పోసినట్టుంది. నుదురు, చెవుల వెనక, మెడ, అంతా మరకలు. పలకకు రంగు ఎక్కువైతే పులుసుతో తుడుస్తారు. కొండమ్మ చూసీ చూడగానే చింతపండు ముద్ద పట్టుకొచ్చింది.

కంప అవతల నాగేంద్రమ్మ బర్రెకు కుడితి పెడుతూ ఇటు తొంగిచూసింది.

“ఏమ్మే రోశమ్మా, పెండ్లిచూపులకు ఎవరొస్తాండారు? చెప్పరాదా, పానకం కలుపుతాం.”

రోశమ్మ తల ఇంకా కిందికి వంచింది. మొగుడు పోయిన ఆడది తల నల్లగా చేసుకుంటే ఊరికి ఒకటే అర్థం తెలుసు. కొండమ్మ చెయ్యి ఆపలేదు.

“నీ మొగుణ్ణే అనుకున్నాం నాగేంద్రమ్మా. గురక పెట్టేవాడు నాకొద్దంటాంది.”

నాగేంద్రమ్మ నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది. కొండమ్మకు కూడా నవ్వు వచ్చింది, దాని వెనకే దగ్గు వచ్చింది. గోడ పట్టుకొని దగ్గింది. పలకపొడి తిన్నవాళ్ళ దగ్గు అది. లోపల ఏదో చినిగినట్టు ఉంటుంది. ఆమె తల పూర్తిగా తెలుపు.

“నీ తలకూ ఇంత పూసుకోరాదా అక్కా?”

“దగ్గుకు ఏం రంగు పూసేది? అది గేటు కాడనే పలుకుతుంది.” కొండమ్మ చెంబు ముంచింది. “తీసేస్తే తీసేస్తారు. అల్లుని కొంపలో కూటికి మాత్రం కూర్చోను.”

రోశమ్మకు అల్లుడూ లేడు, కొడుకూ లేడు. మొగుడు పలకరాయి తవ్వే గనిలో చరియ విరిగిపడి పోయాడు. షెడ్డు లేకపోతే హనుమంతునిపాడులో అన్న ఇల్లు ఒక్కటే దిక్కు. పగలంతా వాళ్ళ మేకలు తోలాలి. అందరూ తిన్నాక వదిన కుండ గీకి పెట్టే ముద్ద తినాలి. మొగుడు పోయిన కొత్తలో తిన్నది ఆ ముద్ద. దాన్ని వదిలి నడిచి మార్కాపురం వచ్చింది. పొట్టి మనిషి, సన్నటి మెడ, చిట్లిన గోళ్ళు. ఇన్నేళ్ళలో ఒక్కనాడు ఆలస్యంగా పోలేదు, ఒక్కమాట ఎదురు చెప్పలేదు.

నీళ్ళు గోధుమరంగుకు తిరిగాయి. నుదుటి మరక పోయింది. జుట్టులో తెలుపు తేలలేదు గానీ, అక్కడక్కడ ఎర్రబారి, ఎండకు మాడిన గడ్డిలా తయారైంది. అది ఆరకముందే షెడ్డు గంట కొట్టారు. తడి తలకే కొంగు కప్పుకొని రోశమ్మ పరుగెత్తింది. కొండమ్మ ఆగి ఆగి వెనక నడిచింది.

గేటు దగ్గర మేస్త్రీ లక్ష్మీనరసయ్య బెత్తం పట్టుకొని నిలబడ్డాడు. ఒక్కొక్కరినీ కొంగు తీయమంటున్నాడు. సంతలో గొర్రెల పళ్ళు చూసినట్టు చూస్తున్నాడు. అప్పటికే ఇద్దరిని పక్కకు నిలబెట్టాడు.

రోశమ్మ కొంగు తీసింది. చెవి వెనక నుంచి గోధుమరంగు చుక్క ఒకటి మెడ మీదికి జారింది. ఆమెకు తెలుస్తూనే ఉంది. తుడిస్తే దొరికిపోతుంది, తుడవకపోయినా దొరికిపోతుంది.

“ఏంది కారతాంది? రంగేసినావా?”

రోశమ్మ చెయ్యి కొంగు వైపు పోయింది.

“పులుసు నాయనా,” అంది వెనక నుంచి కొండమ్మ. “తల నిండా పేలు. పొద్దున నేనే రుద్దినా. దగ్గరికి పోతే నీకూ ఎక్కుతాయి.”

ఆడవాళ్ళు గొల్లుమన్నారు. మేస్త్రీ ఒక అడుగు వెనక్కి వేసి, లోపలికి పొమ్మని బెత్తం ఊపాడు. రోశమ్మ గేటు దాటింది. అందరూ నవ్వింది తనను చూసేనని మేస్త్రీకి తెలుసు. ఆ మంట కొండమ్మ మీదికి తిప్పాడు.

“నీకు నోరెక్కువైంది ముసిల్దానా. ఎన్నేండ్లు నీకు?”

“మీ నాయన ఇదే గేట్లో తట్ట మోసేటప్పుడు నేను లోపల పలకలు రుద్దతాండా. లెక్క నువ్వే చూసుకో.”

నవ్వు ఆగిపోయింది.

“పో. నీకు పని లేదు.”

కొండమ్మ కొంగు దులుపుకుంది. లోపలున్న రోశమ్మ వైపు చూసి, “పో చెల్లే, నీడన కూర్చో, తల ఆరుతుంది” అంది. వెనక్కి తిరిగి దగ్గుకుంటూ నడిచిపోయింది.

ఆ గేటు ముందు అప్పటికప్పుడు పదిమంది బైఠాయించి ఉంటే ఆ రోజు ఒక్క పలక కదిలేది కాదు. ఎవరూ కూర్చోలేదు. ఎవరి పొట్ట వాళ్ళు పట్టుకొని లోపలికి పోయారు. రోశమ్మ అందరికంటే ముందు పోయింది.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చేసరికి పక్కనున్న కొండమ్మ గుడిసె తడిక తాడుతో కట్టేసి ఉంది. కంప అవతల నుంచి నాగేంద్రమ్మ, ఈసారి ఎగతాళి లేకుండా, మెల్లగా చెప్పింది.

“పొదిలి బస్సెక్కింది. అల్లుని దగ్గరికి. నువ్వు తింటాండే ఏళకు చెప్పొద్దన్నది, మళ్ళా నువ్వు తినవని.”

రోశమ్మ ఇంట్లోకి పోయి సంగటి ముద్ద మీద మూత తీసి, అట్లాగే మళ్ళీ మూసింది. తిరిగి షెడ్డుకు పోయి తన చోట కూర్చుంది. తడిపిన పలక తొడ మీద పెట్టుకొని రుద్దడం మొదలుపెట్టింది. పక్కన గోనెపట్టా ఖాళీ. గోడ మేకుకు కొండమ్మ ముక్కుకు కట్టుకునే గుడ్డ వేలాడుతోంది, పలకపొడి పట్టి అట్టలా గట్టిపడి, ముక్కు దగ్గర ఉబ్బి, నోటి దగ్గర లోపలికి పీక్కుపోయి.