ఆపే స్వరం

మా బృందానికి ఉన్నది ఒకటే కట్టుబాటు. పాట ఎవరైనా మొదలుపెట్టొచ్చు, ముగించేది మాత్రం మా బాబాయి. ఆయన వాయించే నిలువెత్తు తీగవాద్యం, బాస్ మీద అన్నిటికన్నా కింది స్వరం మోగేదాకా ఎవరూ ఆగకూడదు. మాది ప్రార్థనలా సాగే జాజ్. ప్రార్థనకి గడియారం పెట్టకూడదని ఆయన వాదన. డ్రమ్స్ వాయించే నాకు ఈ మొండితనం వల్ల ఎన్నిసార్లు చేతులు పడిపోయాయో ఆ దేవుడికే తెలియాలి.

ఇప్పుడు ఆయన చేతులే మొరాయిస్తున్నాయి. కొత్త పాట రికార్డింగ్‌కి వెళ్తే, రికార్డు కంపెనీ మేనేజరు స్టూడియో గుమ్మంలోనే చెప్పేశాడు.

"ఇవాళ పెద్దాయన సరిగ్గా వాయిస్తే సరే. లేదంటే రేపు వేరే కుర్రాణ్ణి పిలిపిస్తా. ఏమనుకోకండి."

అనుకోకుండా ఎలా ఉంటాం? బృందాన్ని పుట్టించినవాణ్ణే బయటికి పొమ్మంటుంటే! నాకు ఒళ్ళు మండిపోయింది. బాబాయి నా మోచెయ్యి పట్టుకుని, "పద పద, ఆ కోపమేదో డ్రమ్ముల మీద చూపించు," అన్నాడు.

రికార్డింగ్ మొదలైనట్టు ఎర్రదీపం వెలిగింది. మా వదిన శాక్సోఫోన్ ఎత్తుకుంది. సగం దాకా హాయిగా సాగింది. అంతలో బాస్ ఆగిపోయింది.

బాబాయి ఎడమచేతి వేళ్ళు తీగల మీదే బిగుసుకుపోయాయి. విదిలించాడు, మళ్ళీ పెట్టాడు. లాభం లేదు. గాజు అద్దం అవతలి గదిలో మేనేజరు ఫోను తీశాడు.

మేం ఆగలేదు. ఆపాల్సింది ఆయన కదా! వదిన అదే వరస మళ్ళీ ఎత్తుకుంది, మళ్ళీ మళ్ళీ ఎత్తుకుంది. ఊపిరందక ఆవిడ మొహం కందగడ్డలా అయిపోయింది. ఏదో ఒకటి చెయ్యమని కళ్ళతోనే నన్ను బతిమాలింది. డ్రమ్ముల పక్కనుండే ఇత్తడి పళ్ళెం, సింబల్ మీద గట్టిగా ఒక్కటి వేస్తే పాట అయిపోతుంది. కర్ర ఎత్తాను కూడా. కానీ అలా చేస్తే, నీ పని అయిపోయిందని బాబాయి మొహం మీదే చెప్పినట్టు. నా వల్ల కాలేదు. వాయిస్తూనే ఉన్నాను.

బాబాయి బాస్‌కి చెంప ఆనించాడు. స్నానాల గదిలో కూడా కూనిరాగం తీయని మనిషి. తనది కప్ప గొంతని తనే నవ్వేవాడు. ఆ గొంతుతోనే ఆ కింది స్వరం అందుకున్నాడు. బొంగురుగా, వణుకుతూ, ఊపిరి ఉన్నంతసేపూ లాగాడు. బాస్ ముందున్న మైకు దాన్ని పట్టుకుంది.

మేం ఆగాం.

వదిన నేల మీద చతికిలబడింది. మేనేజరు ఫోను జేబులో పెట్టుకుని లోపలికొచ్చాడు. "మళ్ళీ తియ్యొద్దు సార్. ఇదే విడుదల చేద్దాం," అన్నాడు.

"చూశావా బాబాయ్! నిన్ను పంపించడం వీళ్ళ తరమా?" అని ఎగిరి గంతేశాను.

ఆయన నవ్వలేదు. బాస్‌ని గోడకి ఆనించి, బిగుసుకున్న వేళ్ళని రెండో చేత్తో ఒక్కొక్కటే విప్పుకున్నాడు.

"పాట వివరాల్లో బాస్ అన్నచోట నా పేరు తీసేయండి," అన్నాడు మేనేజరుతో. "గొంతు అని రాసి, అక్కడ వేయండి. రేపట్నుంచి ఆ కుర్రాణ్ణి రమ్మనండి. వాయించడం అతని పని. ఆపడం మాత్రం ఇంకా నాదే."

నేను డ్రమ్ముల వెనక తల దించుకుని ఏడ్చేశాను.