దుబారా

పొయ్యి మీద సంగటి గెలుకుతూనే మహేశ్వరి మొగుడికి ఉపన్యాసం నేర్పింది. ధర్మవరం నుంచి కాపురానికి వచ్చి మూడు నెలలు. వీరేష్ గడప మీద కూర్చుని ఆమె మాటలే తిరిగి అంటూంటే, చెమట పట్టిన ఆమె మొహంలో నవ్వు ఆగడం లేదు. చెత్తకు కొత్త పన్ను, ఇంటి పన్ను పెంపు ఎందుకు? బెంగళూరు రోడ్డు మీద స్వాగత ఆర్చి, దాని పక్కన రంగుల ఫౌంటెన్ మానుకుంటే చాలదా? మున్సిపాలిటీ ముందు తన ఖర్చు అదుపులో పెట్టుకోవాలి. "దుబారా అనండి, బాగుంటుంది," అంది. అతను ఆ మాటను రెండుసార్లు రుచి చూసినట్టు పలికి, "నా బి.కాం. పిల్లా," అన్నాడు. ఆ పిలుపుతోనే ఆమె పొద్దంతా గాల్లో తేలింది.

సాయంత్రం వార్డు మీటింగులో ఆమె మాటలకు అతనికి చప్పట్లు పడ్డాయి. ఆ ఊపులో అతను సొంతంగా అందుకున్నాడు. "ఇంగొకటప్పా. పట్టుగూళ్ళ మార్కెట్టుకాడ ఆడోళ్ళకు మరుగుదొడ్లంట. ఇండ్లు లేవా వాళ్ళకు? అదీ దుబారానే. నా మాట కాదు, బి.కాం. చదివిన మా ఇంటామె లెక్క." అందరూ వెనక వరసలో కూర్చున్న ఆమె వైపు తిరిగి చూశారు. మహేశ్వరి చేతులు వాటంతటవే దండం పెట్టాయి. నవ్వింది కూడా.

నవ్వుతూండగానే పక్క వరసలో బుడన్‌బీ కనిపించింది. మార్కెట్టు ముందర పూలమ్మే ఆమె. మొన్న ఎండలో మహేశ్వరి నీళ్ళ సీసా ఇస్తే, "వద్దు బిడ్డా, తాగితే మళ్ళ యాడికి పోవల్ల?" అన్నది. అది తెలిసీ దండం పెట్టింది తను. నలుగురిలో మొగుడు పొగిడాడని, ఎందుకు పొగిడాడో బుర్రకెక్కకముందే పొంగిపోయింది. "మా కోడలికి నోరు లేదు," అని అత్త రామసుబ్బమ్మ చుట్టాల ముందు అన్నప్పుడూ ఇలాగే నవ్వింది. అది మెచ్చుకోలనుకుని అమ్మకు ఫోన్ చేసి మరీ చెప్పుకుంది. సిగ్గుతో మొహం చెవుల దాకా వేడెక్కింది. బుడన్‌బీ కొంగు సర్దుకుని అటు తిరిగింది, అంతే.

"అన్నీ కలిపి తీర్మానం చేసేద్దామా?" వార్డు పెద్ద రంగప్ప అడిగాడు. "కాదనేవాళ్ళు ఎవరన్నా ఉండారా?"

ప్రతి మీటింగులోనూ అడిగే మాటే. ఎవరూ పలకరు.

మహేశ్వరి లేచింది. "నేనుండా పెద్దాయనా. కొత్త పన్నులు వద్దు, ఆర్చీ వద్దు. మరుగుదొడ్లు మాత్రం కావల్ల. అవి దుబారా అని నేను అన్లేదు."

వీరేష్ నవ్వబోయి ఆగాడు. "కూర్చో. ఇంటికి పోయి మాట్లాడుకుందాం."

"ఇంట్లో చెప్తేనే కదా ఇట్లయింది," అంది ఆమె, కూర్చోకుండా.