అరవై నాలుగు అక్షరాలు

స్విచ్ పెట్టె ముందు స్టూలు లాక్కుని కూర్చుని, నీలం కేబుల్ ఒక కొస దానిలో, రెండో కొస తన పాత ల్యాప్‌టాప్‌లో గుచ్చాడు తీగల బాబాయి. ముందుగా గడియారం సరిచేశాడు. కరెంటు పోయినప్పుడల్లా ఈ పెట్టె ఏళ్ళ వెనక్కి వెళ్ళిపోతుంది. తేదీ తప్పితే ఎంత గొప్ప భద్రతా సర్టిఫికెట్ పెట్టినా చెల్లదు. ముప్పై ఏళ్ళు వంగి వంగి అతని నడుము ఒక పక్కకు ఒరిగింది. బొటనవేలి గోరు కింద ఎప్పటిదో స్క్రూడ్రైవర్ గాటు నల్లగా మిగిలిపోయింది. ఉద్యోగంలో ఇవాళే ఆఖరి రోజు.

ఆఫీసు మొత్తానికి నెట్‌వర్క్ పంచే పెట్టె అది. దాని సెట్టింగుల పేజీకి ఇన్నాళ్ళూ తాళం లేని దారే. రెండేళ్ళ కిందట మార్చి 9న పెద్దసారు అతిథుల వైఫై మీద కూర్చుని ఆ దారినే లోపలికెళ్ళాడు. పాస్‌వర్డ్ ఎవడో గాల్లోంచే ఎత్తుకుపోయాడు. ఆఫీసు రెండు రోజులు మూతపడింది. నివేదికలో మాత్రం ‘టెక్నీషియన్ నిర్లక్ష్యం’ అని రాసి చేతులు దులుపుకున్నాడు ఆ మహానుభావుడు, తనకు ఈ పనిలో ఓనమాలు దిద్దించిన బాబాయి మీదే. బాబాయి కడుపు అప్పట్నుంచీ మండుతూనే ఉంది. ఇంటికెళ్తే భార్య అడిగేది ఒకటే మాట: “ఆ రాసింది వెనక్కి తీసుకున్నారా?”

పెట్టెను పగలగొట్టి పోదామనుకున్న రోజులూ ఉన్నాయి. అలా చేస్తే ఆ నివేదిక నిజమైపోతుంది.

సోమవారం తనిఖీవాళ్ళు వస్తున్నారు. అందుకే సారుకి ఇప్పుడు తాళం గుర్తొచ్చింది. ఆ తాళం పడాలంటే పెట్టెకి సర్టిఫికెట్ ఎక్కించాలి.

సర్టిఫికెట్ దరఖాస్తులో సంస్థ, ఊరు నింపాడు. విభాగం గడిలో అరవై నాలుగు అక్షరాలే పడతాయి. సారు ఆమోదిస్తే అక్కడ రాసింది ఐదేళ్ళు ఉంటుంది. పేజీ తెరిచి తాళం బొమ్మ నొక్కిన ప్రతివాడికీ కనిపిస్తుంది. తనిఖీవాళ్ళు మొదట నొక్కేది దాన్నే. నెలల తరబడి చెక్కిన వాక్యాన్ని బాబాయి ఒక్కో అక్షరం కొట్టాడు: ‘మార్చి 9న తాళం లేని దారిలో వెళ్ళింది అధికారి, టెక్నీషియన్ కాదు’.

దరఖాస్తు ప్రింటు తీసి పై అంతస్తుకెళ్ళాడు. సారు ఫోన్ చూసుకుంటున్నాడు.

“ఒక్కసారి చదివి పెట్టండి సార్ సంతకం.”

“నీ కాగితంలో చదివేదేముంది బాబాయ్. ఇలా ఇవ్వు.”

“పేర్లూ తేదీలూ ఉన్నాయి సార్.”

“అబ్బబ్బ, ఆఖరి రోజైనా ఈ చాదస్తం వదలవా?”

చదవకుండా ఎక్కడా సంతకం పెట్టొద్దని ఈ సారుకి ఒకప్పుడు చెప్పింది బాబాయే. సారు చదివి, తప్పు నాదే బాబాయ్ అని ఒక్క మాటంటే బాబాయి ఆ కాగితం అక్కడే చింపేసేవాడు. సంతకం పడింది. స్క్రీన్ మీద ఆమోదం కూడా సారే నొక్కాడు, ఫోన్ మీంచి కళ్ళెత్తకుండా.

కిందికొచ్చి సర్టిఫికెట్ ఎక్కించి, పాత దారి మూసేశాడు. పేజీ తెరిచి తాళం బొమ్మ నొక్కి రెండుసార్లు చదువుకున్నాడు. చల్లగా ఉంది ప్రాణానికి. జాలేమీ కలగలేదు.

భార్య ఫోన్ చేసింది. “ఇవాళైనా వెనక్కి తీసుకున్నారా?”

“సోమవారం అందరూ చదువుకుంటారులే. వంట కానివ్వు, వచ్చేస్తున్నా.”

గేటు దగ్గర గుర్తింపు కార్డు ఇచ్చేసి, సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఎవరూ తలెత్తి చూడలేదు.

స్విచ్ పెట్టె ఉన్న బీరువా తలుపుకి లోపలి వైపు నాలుగు మూలలా టేపు వేసి అంటించిన ఆ దరఖాస్తు కాగితం, వాక్యం కిందే పెద్దసారు వంకర సంతకం.