వద్దన్నకొద్దీ లేచిన చేతులు

ఐసెన్‌హుట్‌కి జీవితంలో ఇక ఒక్కటే కోరిక మిగిలింది. ఆదివారం మైదానంలో తనకోసం ఎవరూ చెయ్యెత్తకూడదు.

ఇరవై ఏళ్ళు రాజకీయాల్లో ఉన్న మనిషికి రాకూడని కోరికే. కానీ ఆయన రైలు కంపెనీకి డైరెక్టరు కూడా. పట్టాలు పక్క ఊరిదాకా వచ్చేశాయి. సొంత ఊరికి ఒక్క కొండ అడ్డం. ఆ కొండలో సొరంగం తవ్వడం కంపెనీ పెద్దలకి సుతరామూ ఇష్టం లేదు. ఈయన కుర్చీలో ఉన్నాడని తవ్విస్తున్నారు, అంతే. ప్రభుత్వంలో పదవొస్తే ఆ కుర్చీ వదలాలి. చూస్తే రాష్ట్రానికి పెద్ద, లాండమ్మన్, చలికాలంలో పోయాడు. ఆదివారం మైదానంలో కొత్తవాణ్ణి ఎన్నుకోవాలి, అందరి నోటా ఈయన పేరే. జనం చేతులెత్తి ఎన్నుకున్నవాడు వద్దనడానికి చట్టం ఒప్పుకోదు. వద్దంటే రాష్ట్రం వదిలిపోవాలి.

"జీతం లేని ఉద్యోగం కోసం నా సొరంగం పోతుందే," అన్నాడు పెళ్ళాంతో.

"అందరూ నన్ను లాండమ్మన్ గారి భార్య అంటారు కదండీ," అంది వెరెనా. కొత్త టోపీకి అప్పటికే కొలతలిచ్చేసింది.

"పోనీ, ఆదివారంలోపు రాష్ట్రం వదిలి పోదామా?"

"పోతే ఆ టోపీ ఎవరు చూస్తారు?"

సరే, చెడ్డపేరైనా తెచ్చుకుందామనుకున్నాడు. వీధిలో పలకరింపులు మానేశాడు. పాపం మన గురించే ఆలోచిస్తున్నాడన్నారు జనం. రైల్లో జున్ను రవాణా రేటు పెంచాడు. గట్టివాడు, ఇలాంటివాడే కావాలన్నారు. చివరికి మంగలిని పట్టుకున్నాడు.

"నేను డబ్బు తిన్నానని నలుగురికీ చెప్పవయ్యా."

"కొత్తగా చెప్పేదేముందండీ, అందరూ అనుకునేదేగా," అన్నాడు మంగలి సబ్బు రాస్తూ. "తిన్నా పని చేశాడంటున్నారు. గడ్డం కదపకండి."

ఐసెన్‌హుట్ ఒక్క ఫ్రాంకు తినలేదు. తినకుండానే పరువు పెరిగిపోయింది.

ఆదివారం మగవాళ్ళంతా ఓటు వేసే రోజు ఆనవాయితీగా నడుముకి కత్తులు కట్టుకుని మైదానంలో చేరారు. ఓటు లేని ఆడవాళ్ళు కిటికీల్లో నిలబడ్డారు. ఐసెన్‌హుట్ పేరు పిలిచారు. సగం చేతులే లేచాయి. ఆయనకి ప్రాణం లేచొచ్చింది. అక్కడే నోరు మూసుకుని నిలబడితే సరిపోయేది.

కానీ పేరు పిలిచినవాడు వేదికెక్కి, నన్ను వదిలెయ్యండని బతిమాలుకోవచ్చు. ఆ తర్వాత మళ్ళీ చేతులెత్తిస్తారు. ఎక్కినవాళ్ళందరూ మర్యాదకి బతిమాలినవాళ్ళే. పోయిన లాండమ్మన్ అప్పట్లో ఎంత ముచ్చటగా ఏడ్చాడో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఐసెన్‌హుట్ ఒక్కడే నిజంగా బతిమాలడానికి ఎక్కాడు.

"బాబ్బాబు, నన్ను వదిలెయ్యండి. నేను ఈ పదవికి తగను."

"బాగానే మొదలెట్టాడు," అన్నారు వెనకవాళ్ళు.

"మొదలెట్టడం కాదయ్యా! నేను కుర్చీ దిగితే సొరంగం ఆగిపోతుంది. రైలు రాదు!"

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అర్థమైందనుకున్నాడు.

"మనకోసం రైలునే వదులుకుంటున్నాడ్రా!" అని ఓ ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు.

ఐసెన్‌హుట్ మోకాళ్ళ మీద పడ్డాడు. జనం టోపీలు తీశారు. ఒక్కొక్క చెయ్యే లేచింది. ముందు వరసలో బావమరిది బార్ట్లి చెయ్యి కూడా.

"ఒరేయ్, నువ్వైనా దించరా!"

"ఎలా దించను బావగారూ? అందరూ చూస్తున్నారు."

ఇక లేవని చెయ్యి ఒక్కటీ మిగల్లేదు. మూడు వేళ్ళెత్తి ప్రమాణం చేశాడు. కిటికీలో వెరెనా టోపీ అందరికీ కనిపించింది.

వారం తిరక్కుండా కంపెనీకి కొత్త డైరెక్టరొచ్చాడు. కూలీలు గునపాలు భుజానేసుకుని కొండ దిగిపోయారు. మర్నాడే ఊళ్ళోవాళ్ళు బార్ట్లిని ముందుపెట్టుకుని లాండమ్మన్ గారింటికొచ్చారు.

"చూశారా బావగారూ, పని ఆపేశారు! ఆ కొత్తవాడు వట్టి దద్దమ్మ. మీరే డైరెక్టరుగా ఉంటే ఇలా జరిగేదా?"

ఐసెన్‌హుట్ నోరు తెరిచాడు. ఏడుపొచ్చింది.

"చూడండ్రా, ఊరంటే ఎంత ప్రేమో," అన్నాడు బార్ట్లి వెనక్కి తిరిగి.